పొద్దున ప్రతిజ్ఞ, మధ్యాహ్నం పళ్లెం

(కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. ప్రాథమిక బడి టీచరు, రిటైరైన హెడ్మాస్టరు, స్కూలు కమిటీలో ఉన్న ఒక తల్లి పాల్గొన్నారు.)

వ్యాఖ్యాత: మేడమ్, ఐదో తరగతి లోపు పిల్లలకు దేశభక్తి ఎలా నేర్పుతారు?

టీచరు: కొత్తగా నేర్పేదేముందండీ, ప్రార్థనలోనే అన్నీ ఉన్నాయి. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగాయనే, పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు. 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు రాశారు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ ఆ సంగతి నాకే తెలియలేదు. మొన్న మూడో తరగతి వాడొకడు చెయ్యి చాపి ‘జంతువుల పట్ల దయతో ఉంటాను’ అని గట్టిగా చెప్పాడు. లైను విడిపోగానే గేటు దగ్గర పడుకున్న కుక్కను రాయితో కొట్టాడు. ఇప్పుడే ఏం చెప్పావురా అంటే, మొదటి నుంచి ప్రతిజ్ఞంతా మళ్లీ అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు!

హెడ్మాస్టరు: దాంట్లో తప్పేముందమ్మా? ఎక్కాలు మనం అర్థమయ్యాకే నేర్చుకున్నామా? ముందు నోటికి రానీ.

టీచరు: ఎక్కాలు అంగట్లో చిల్లర దగ్గర పనికొస్తాయి సార్. ఇది ఎక్కడ పనికొస్తుందో మనమే చూపించాల.

తల్లి: మా పాప నాలుగో తరగతి సార్. ‘సహోదరులు’ అంటే ఏందిమా అని అడిగింది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు అని చెప్పినా. అట్లయితే అన్నం కాడ మేం ఆ పక్క వరసలో ఎందుకు కూచుంటాం అనింది. ఏం చెప్పల్ల నేను?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

టీచరు: ఎవరూ కూర్చోబెట్టరమ్మా, ఇంట్లో చూసింది బడికి మోసుకొస్తారు. ఇదివరకు వేరే ఊళ్లో పనిచేసేటప్పుడు హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టాను. వారం తిరగకముందే ఒక తండ్రి గొడవకొచ్చాడు. పిల్లలకైతే ఏమీ కాలేదు. ఒకడి గుడ్డు ఇంకొకడు తినేసి కొట్టుకున్నారు, అచ్చం ఇంట్లో అన్నదమ్ముల్లాగే.

హెడ్మాస్టరు: (నవ్వి) అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం 1950 నుంచీ ఉంది. ఆ నంబరు చిన్నపిల్లలకు చెప్పకున్నా ఫరవాలేదు, వడ్డన దగ్గర కనిపించాల. నా సంగతే చెప్తా. పిల్లల్ని కోయిలకుంట్లకు తీసుకుపోయేవాణ్ణి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసిన ఊరు. తల కోటగుమ్మానికి వేలాడదీశారన్నది ఒక్కటే వాళ్లకు గుర్తుండేది. ఎందుకు తిరగబడ్డాడురా అంటే నోరు మెదిపేవాళ్లు కాదు. నేనూ చెప్పలేదులెండి.

వ్యాఖ్యాత: అమ్మా, ఆ వరసల సంగతి కమిటీలో అడగొచ్చు కదా? విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి.

తల్లి: ఉండాం సార్, పేరుకు. మీటింగు పదకొండు గంటలకు పెడతారు. ఆ టయానికి మిరప చేన్లో ఉంటా. పోతే ఆ దినం కూలి పాయె. సాయంత్రం రిజిస్టరు ఇంటికే వస్తాది, సంతకం పెట్టమంటారు.

హెడ్మాస్టరు: చదివే పెడతావా అమ్మా?

తల్లి: నాకు చదువు రాదు సార్, పాప చదివి చెప్తాది. మొన్న మాత్రం పెట్టొద్దనింది. నువ్వు మీటింగుకు వచ్చినావని రాసిపెట్టినారుమా, నువ్వు యాడ పోయినావు అనింది.