ఏకపాత్రాభినయంలో రెండోవాడు ఎక్కడ?

(చేతిలో అట్ట గద)

ఈ గదని ముందు పక్కన పెట్టేద్దాం. ఏకపాత్రాభినయం పోటీ అనగానే మనవాళ్లు మొదట వెతికేది దీన్నే. డైలాగ్ సంగతి తర్వాత.

నేను జడ్జిగా కూర్చున్న చోటల్లా ఒక్కరైనా "దానవీరశూర కర్ణ" దుర్యోధనుడితో దిగుతారు. 1977 సినిమా, కొండవీటి వెంకటకవి గారి మాటలు. ఇవాళ్టి పిల్లలకీ అవి నోటికి వస్తున్నాయంటే నాకు సంతోషమే. చిరాకల్లా ఒక్కటే. స్టేజీ ఎక్కగానే జనం వైపు తిరిగి "ఏమంటివి? ఏమంటివి?" అని అరుస్తారు. బాబూ, జనం ఏమీ అనలేదు! అన్నది ద్రోణాచార్యుడు.

ఏకపాత్ర అంటే కనిపించేది ఒక్కరే అని. సీన్‌లో చాలామందే ఉంటారు. ఇంట్లో అమ్మ ఫోన్ మాట్లాడుతుంటే చూడండి. "ఆఁ... ఎప్పుడు?... అయ్యో... మరి పిల్లలూ?" పిన్ని గొంతు మనకి వినపడదు. అయినా పక్క గదిలోంచి లేచి వచ్చేస్తాం. ఆ "ఎప్పుడు"కీ "అయ్యో"కీ మధ్య అమ్మ ఆగింది. ఆ ఖాళీలో పిన్ని ఏదో చెప్పింది. అమ్మ ఆగకుండా గడగడా అనేసిందనుకోండి, ఫోన్‌లో అవతల ఎవరూ లేరని చంటిపిల్లాడు కూడా కనిపెట్టేస్తాడు.

అలాగే మీరు కూడా "ఏమంటివి" అనే ముందు ద్రోణుడి మాట వినాలి. రాకుమారుల అస్త్రవిద్యా పరీక్షలో కర్ణుడు దిగబోతే, సూతపుత్రుడికి, అంటే రథం తోలేవాడి కొడుక్కి, ఇక్కడ చోటు లేదన్నాడాయన. రెండు సెకన్లు నోరు మూసుకుని అది వినండి. అప్పుడు మొదటి "ఏమంటివి" విన్నది నమ్మలేక వస్తుంది. రెండోదానికి ఒళ్లు మండుతుంది. రెంటికీ ఒకే గొంతైతే రెండోది దండగ.

తర్వాతి మాట అసలు ప్రాణం. ఇది క్షాత్ర పరీక్షే గాని క్షత్రియ పరీక్ష కాదంటాడు. క్షాత్రం అంటే వీరుడి సత్తా, క్షత్రియ అంటే కులం. తేడా మొదలయ్యేది "క్షా"లోని ఆ దీర్ఘంలోనే. పది మందిలో ఎనిమిది మంది ఆ దీర్ఘాన్ని మింగేస్తారు. ఇక దుర్యోధనుడి వాదనలో ఏం మిగిలింది చెప్పండి? తెలుగు మాస్టారి దగ్గర ఓ పావుగంట కూర్చుంటే పోయేదానికి మేకప్ మీద వేలు తగలేస్తారు.

ఇక్కడినుంచి ఫోన్ కాస్తా కాన్ఫరెన్స్ కాల్ అవుతుంది. దుర్యోధనుడు ఒక్కొక్కరి పుట్టుకా ఎత్తి, మరి నీది ఏ కులం అని నిలదీస్తాడు: ముందు కుండలో పుట్టిన ద్రోణుడు, తర్వాత గంగ కొడుకు భీష్ముడు, ఆ తర్వాత సొంత వంశమే. ద్రోణుణ్ణి కుడివైపు ఒక చోట కూర్చోబెట్టండి. హాల్లో స్విచ్ బోర్డైనా సరే, చివరిదాకా ఆయన అక్కడే ఉండాలి. భీష్ముడు ఎడమవైపు. ఆయన తాత. ఆచార్యుడి మీద లేచిన గొంతు తాత పుట్టుక ఎత్తేసరికి కాస్త తగ్గాలి. నిండు సభలో ఆ మాట అనడం ఎవరికైనా తేలికా? ఎన్టీఆర్ గారి గొంతు అనుకరించే హడావుడిలో ఇది ఎవరికీ తట్టదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. "క్షేత్రబీజ" అని వస్తుంది, క్షేత్రం తల్లి, బీజం తండ్రి. అర్థం తెలియకుండా ఆ వాక్యం జోలికి పోకండి. సొంత వంశం చెప్పేటప్పుడు వశిష్ఠుడి నుంచి విదురుడి దాకా ఊపిరి ఎక్కడ తీయాలో కాగితం మీద పెన్సిల్‌తో గీసుకోండి. కిరీటం వద్దు. పదో తరగతిలో నాది మొదటి నవ్వుకే కళ్ల మీదికి జారింది, మిగతా డైలాగంతా ఒక చేత్తో దాన్ని పట్టుకునే చెప్పాను. మైక్ మూతికి ఆనించకండి.

ఆఖరి మాట అవగానే చటుక్కున దండం పెట్టేయకండి. ఫోన్ ఇంకా పెట్టలేదు. కుడివైపు స్విచ్ బోర్డు దగ్గర ద్రోణుడు ఇంకా కూర్చునే ఉన్నాడు. జవాబు చెబుతాడేమో చూడండి. ఆయన తల దించుకున్నాక అప్పుడు జడ్జిల వైపు తిరగండి.