కాలవ గట్టు మీద వీల్‌చైర్ ఎక్కడ ఆగిపోతోంది?

[గట్టు మీద షాట్: ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరిచేలు]

అందరికీ నమస్తే అండీ. ఇది గోదావరి పశ్చిమ డెల్టాలో మా ఊరి కాలవ గట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కదా, ఆ నీళ్ళు పారే పెద్ద కాలవల్లో ఒకప్పుడు సరుకు పడవలు తిరిగేవి, లాకులు, అంటే నీటి మట్టం మారేచోట పడవని ఎక్కించి దించే గేట్లు, కట్టింది కూడా అందుకే, గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడేసి పడవని లాగేవాళ్ళు. అంటే గట్టు అప్పట్నుంచీ నడిచే దారేనండీ.

పోయిన నెల మా పెద్దమ్మని వీల్‌చైర్‌లో రేవు దాకా తీసుకెళ్దామని బయల్దేరాం. కిలోమీటరు బాగానే వెళ్ళాం, తూము దగ్గరికొచ్చేసరికి గట్టు కన్నా అడుగు ఎత్తులో కాంక్రీటు దిమ్మ, అటూ ఇటూ రెండేసి మెట్లు. అంతే, వెనక్కి తిరిగాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

[క్లోజప్: తూము మెట్టు, పక్కన టేపు]

ఒక్క మెట్టు ఉన్నా మిగతా దారంతా వేస్టే. ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి, అటు 12 ఇటు 12. రెండు తట్టల సిమెంటు పోసేసి ర్యాంపు అంటే కుదరదండీ.

ఇక నేల సంగతి. మనది ఒండ్రుమట్టి, వానొస్తే సైకిల్ చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు, పిల్లలు పుల్లతో గోక్కుంటూ బడికెళ్తారు. ఊరికే గ్రావెల్ పోసినా రెండు వానలకి బురదలోకి దిగిపోద్ది. అందుకే ముందు పైన గడ్డి, మెత్తమట్టి తీసేసి, జియో టెక్స్‌టైల్ అనే గుడ్డలాంటి షీటు పరిచి, దానిమీద గ్రావెల్, ఆపైన క్రషర్ డస్ట్, అంటే కంకర ఆడించేటప్పుడు వచ్చే రాతిపొడి, పోసి తడుపుతూ రోలర్ తిప్పాలి, అప్పుడు చక్రం దిగబడదు. నీళ్ళు జారడానికి కొంచెం వాలు కూడా పెట్టాలి, అదీ చేను వైపుకే, కాలవ వైపుకి పెడితే వీల్‌చైర్ కూడా నీళ్ళ వైపే లాగుద్ది.

సీసీ రోడ్డు వేసేస్తే పోలా అంటారు చాలామంది. నాకైతే వద్దనిపిస్తుంది, వేస్తే రేపట్నుంచి లారీలు, ట్రాక్టర్లు గట్టెక్కుతాయి, నడిచేవాడు పక్కకి జరగాలి, జరిగితే కాలవే. వాటిని ఆపడానికి స్తంభాలు పాతేటప్పుడు మాత్రం మధ్యలో కనీసం 1.2 మీటర్లు వదలండి, లేకపోతే మూడు చక్రాల సైకిల్ మీదొచ్చేవాళ్ళు కూడా అక్కడే ఆగిపోతారు.

పని చేయాల్సింది ఎండాకాలంలో కాలవలకి నీళ్ళు కట్టేసినప్పుడే. పూడిక తీసేదీ అప్పుడేగా, ఆ మట్టి గట్టు మీద పోస్తే ఎండి గడ్డలు కట్టి ఉన్న దారీ పోద్ది. అందుకని ముందు పూడిక, తర్వాత దారి.

[గట్టు పక్కన తాటిచెట్టు నీడ]

ఇక్కడో బల్ల కూడా వేయించాలండీ. పెద్దమ్మ రేవు దాకా వెళ్ళొచ్చేటప్పుడు ఇక్కడ కూర్చుంటానంది.