పిలిస్తే రానివాడి సంగతేంటి?

సభకు నమస్కారం.

ఆ మధ్య గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో కూర్చున్నాను. గుమాస్తా టేబుల్ మీద కాటా చీటీల కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కవరు ఒకటి ఉంది. చింపలేదు. కోల్డ్ స్టోరేజీ యజమాని పెట్టించిన మీడియేషన్ నోటీసు అది, అంటే కోర్టుకెక్కేముందు మధ్యవర్తి దగ్గర కూర్చుని రాజీకి ప్రయత్నిద్దామన్న పిలుపు. ఆయనకు అద్దె బాకీ రావాలి, ఈయనకేమో సరుకు రంగు పోయిందని కోపం. "నేను వెళ్తే తగ్గినట్టే కదండీ" అన్నారు. చివరి నోటీసుకీ వెళ్లలేదు. 'నాన్-స్టార్టర్', అంటే అసలు మొదలే కాలేదని రిపోర్టు రాశారు, వ్యవహారం కోర్టుకెక్కింది. ఇద్దరూ పాతికేళ్లుగా నోటి మాట మీద సరుకు దించుకున్నవాళ్లు. నాకు చాలా బాధేసింది.

మన చట్టం మంచిదే. వాణిజ్య కోర్టుల చట్టంలో 2018లో చేర్చిన 12ఎ సెక్షన్ ప్రకారం, మూడు లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య తగాదాలో అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే ముందు మీడియేషన్‌కు వెళ్లాల్సిందే. అది తప్పనిసరేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ తప్పనిసరి ఎవరికి? కేసు వేసేవాడికి. నోటీసు అందుకున్నవాడు ఇంట్లో కూర్చుంటే అప్పటికప్పుడు అతనికి పోయేదేమీ లేదు.

ఇటలీ వాళ్లు సరిగ్గా ఈ ముడినే పట్టుకున్నారు. అక్కడ 2010లో తెచ్చిన తప్పనిసరి మీడియేషన్‌ను 2012లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, ప్రభుత్వం తనకిచ్చిన అధికారం దాటిందని. 2013లో మార్పులతో మళ్లీ తెచ్చారు. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ కాంట్రాక్టులకు ముందు నుంచీ ఉన్నదాన్ని 2023 జూన్ 30 నుంచి ఫ్రాంచైజీ, సరఫరా కాంట్రాక్టులకూ పెంచారు. సరైన కారణం లేకుండా మొదటి మీటింగ్‌కు రానివాడు తర్వాత కోర్టు ఫీజుకు రెట్టింపు మొత్తం ప్రభుత్వానికి కట్టాలి. వచ్చి రాజీపడితే పన్నులో మినహాయింపు. రాజీపడమని ఎవరినీ బలవంతపెట్టరు, వచ్చి కూర్చోమంటారు, అంతే. మన ఊళ్లలో పెద్దమనుషుల్లో పెట్టినప్పుడు కూడా మొదటి పని కబురంపి ఇద్దరినీ అరుగు మీదికి రప్పించడమే కదా!

టర్కీలో కూడా 2019 జనవరి నుంచి వాణిజ్య బాకీ కేసులకు ముందు మీడియేషన్ తప్పనిసరి. ఇంగ్లండ్ కోర్టులు చాలాకాలం వెనకాడి, కేసు ఆపి రాజీ ప్రయత్నానికి పంపే అధికారం తమకుందని 2023 నవంబరులో ఒప్పుకున్నాయి.

సింగపూర్ మాట ఎత్తగానే మనవాళ్లు అద్దాల భవనాలు చూపిస్తారు. ప్రపంచ బ్యాంకు 2020 నివేదికలో ఒక కాంట్రాక్టు కేసు తేలడానికి ఇండియాలో 1,445 రోజులు, సింగపూర్‌లో 164. నా లెక్కలో అక్కడి బలం భవనాలది కాదు. కోర్టు చురుగ్గా ఉంటే బాకీదారుకు సాగదీసే ధైర్యం ఉండదు, అందుకే రాజీకి వస్తాడు. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది, సంతోషం. కానీ మన మిర్చి యార్డు తగాదా అంత దూరం పోదు, జిల్లాలోనే తేలాలి.

2021 మీడియేషన్ బిల్లులో కోర్టుకు ముందు మీడియేషన్ తప్పనిసరి అన్నారు. 2023 చట్టమయ్యేసరికి అది ఐచ్ఛికమైంది. నేనడిగేది ఒక్కటే: కనీసం 12ఎ కేసుల్లోనైనా, కారణం లేకుండా రానివాడి మీద ఖర్చు పడాలి.

చట్టం మారేదాకా మీ చేతుల్లో ఉన్నది చెబుతాను. అలాంటి కవరు వస్తే ఆ రోజే చింపండి. నోటీసు ఇచ్చిన పది రోజుల్లోపే హాజరవాల్సిన తేదీ వేసి ఉంటుంది. అక్కడ మీరన్న మాట కోర్టులో మీ మీద వాడరు. ఆ మిర్చి వ్యాపారికి ఈ సంగతి చెప్పేసరికి తేదీ దాటిపోయింది.