ఆడంగి, మగరాయుడు

సభకు నమస్కారం.

మీలో చాలామంది బీరువాల్లో ఒక ఫొటో ఉంటుంది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి పావడా కట్టి, కాటుక దిద్ది, పూలజడ వేసి, ఆ జడ కూడా కనబడేలా అద్దం పక్కన నిలబెట్టి స్టూడియోలో తీయించిన ఫొటో. మా ఇంట్లో నాదీ ఉంది. అంత ముచ్చటగా జడ వేసిన ఇల్లే, వాడు ఆరేళ్ళప్పుడు తనంతట తాను అక్క చున్నీ తలకు చుట్టుకుంటే "ఏంట్రా ఈ ఆడంగి వేషాలు" అని కసురుతుంది. ఆ అక్క గోడలు దూకితే మాత్రం "మా ఇంటి మగరాయుడు" అని చుట్టాలకు చెప్పుకుంటాం. పెద్దమనిషి అయ్యేదాకానే అనుకోండి.

ఇలా ఆడామగా తీరుకు భిన్నంగా ఉండే పిల్లల మీద పరిశోధన చేసినవాళ్ళూ ఇలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళే. అందుకే తొలినాళ్ళలో వాళ్ళ దృష్టి ఎక్కువగా మగపిల్లల మీదే పడింది.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ రేకర్స్, ఈవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి, ఆడపిల్లలా ఉంటున్నాడన్న ఐదేళ్ళు నిండని ఒక బాబును మార్చాలని ప్రయోగం చేసి, 1974లో పరిశోధన పత్రం వేశారు. అందులో వాడికి పెట్టిన మారుపేరు క్రెయిగ్. గదిలో ఆడపిల్లల బొమ్మలూ మగపిల్లల బొమ్మలూ ఉంటాయి. తల్లి చెవిలో ఇయర్‌ఫోన్. వాడు బొమ్మతుపాకీ తీసుకుంటే నవ్వుతూ పలకరించాలి. పాపబొమ్మను ఎత్తుకుంటే పుస్తకంలో తల దూర్చి, వాణ్ణి చూడనట్టే ఉండిపోవాలి. ఇంటి దగ్గర రంగు బిళ్ళలు. మగపిల్లాడిలా ఉంటే నీలం బిళ్ళ, దానికి మిఠాయి. ఆడపిల్లలా ఉంటే ఎర్ర బిళ్ళ, దానికి పడే శిక్షల్లో నాన్న చేతి దెబ్బలూ ఉన్నాయి.

పిల్లాడు మారాడని పత్రం తేల్చింది. ఆ బాబు పెద్దయ్యాక, 2003లో, 38 ఏళ్ళ వయసులో, మన ఢిల్లీలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సంగతి 2011లో కుటుంబం బయటపెట్టింది. ఒక మనిషి చావుకు ఒకే కారణం అంటగట్టడం, పిల్లల మనసులు చూసే నా వృత్తిలో తప్పు, ఆ పని చెయ్యను. కానీ బిడ్డను చూడనట్టు కూర్చోమని తల్లికి చెప్పారే, ఆ ఒక్కటి నన్ను వదలదు.

అదే ఊళ్ళో రిచర్డ్ గ్రీన్ అనే మానసిక వైద్యుడు ఇలాంటి మగపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 1987లో ఫలితాలు ప్రకటించారు. చివరిదాకా అందుబాటులో ఉన్న 44 మందిలో దాదాపు ముప్పాతికమంది పెద్దయ్యాక గే గానో (మగవాళ్ళనే ఇష్టపడేవాళ్ళు) బైసెక్సువల్ గానో (ఆడామగా ఇద్దరినీ ఇష్టపడేవాళ్ళు) ఉన్నారు. ఆడదానిగా మారాలనుకున్నవాడు ఒక్కడే. చికిత్సకు పంపిన పిల్లల్లో కూడా ఫలితం వేరుగా రాలేదు.

ఇక్కడ ఆగి ఒకటి అడగాలి. ఆ పిల్లలు ఎవరు? తల్లిదండ్రులు కంగారుపడి క్లినిక్కు తెచ్చినవాళ్ళు. క్లినిక్కు రానివాళ్ళ సంగతో? హార్వర్డ్‌కు చెందిన ఆండ్రియా రాబర్ట్స్ బృందం అమెరికాలో వేలమంది యువతీయువకుల్ని చిన్ననాటి ఆటల గురించీ, అలవాట్ల గురించీ అడిగింది. అలా భిన్నంగా పెరిగినవాళ్ళలో దాదాపు 85 శాతం పెద్దయ్యాక హెటెరోసెక్సువల్‌గానే, అంటే మగవాళ్ళు ఆడవాళ్ళనీ ఆడవాళ్ళు మగవాళ్ళనీ ఇష్టపడేవాళ్ళుగానే ఉన్నారు. అంటే ఆ ఆటలు జాతకచక్రం కావు. ఆ బృందం 2012లో చెప్పిన అసలు సంగతి వేరు: ఈ పిల్లలు ఇంట్లోనూ బయటా హింసకు ఎక్కువగా గురయ్యారు, దాని గాయం మనసులో ఎక్కువకాలం మిగిలింది.

మరి "నేను అబ్బాయిని కాదు, అమ్మాయినే" అని ఏళ్ళ తరబడి పట్టుబట్టే పిల్లల మాటేమిటంటారా? వాళ్ళను గ్రీన్ లెక్కలో కలపకండి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా ఓల్సన్ బృందం, కుటుంబం ఒప్పుకొని వాళ్ళు చెప్పిన గుర్తింపుతోనే పెంచుతున్న అలాంటి 317 మంది పిల్లల్ని చూసింది. సుమారు ఐదేళ్ళ తర్వాత 94 శాతం ఆ గుర్తింపుతోనే ఉన్నారని 2022లో ప్రకటించింది. పొయ్యి, గరిటెలతో ఆడుకునే బాబు వేరు, వీళ్ళు వేరు. తేడా తెలియడానికి ఓపిక కావాలి. తొందరపడి ఏ పేరూ పెట్టనక్కర్లేదు. దారికి తెస్తామని ఎవరైనా డాక్టరు ముందుకొస్తే, అది వృత్తిపరమైన తప్పు అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పిందని గుర్తుచెయ్యండి.

మొన్నామధ్య ఒక తండ్రి వచ్చాడు. కొడుకు మూడో తరగతి. "ఆ నడక, ఆ చేతులు తిప్పడం పోతాయా సార్?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు పక్కనున్న తల్లి సంచిలోంచి వాటర్ బాటిల్ తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున నింపి ఇచ్చింది ఇచ్చినట్టే వెనక్కి వస్తోందట, చాలా రోజులుగా. మగపిల్లల బాత్రూంలో గుమిగూడి ఏడిపిస్తున్నారని, అటు వెళ్ళే పని పడకుండా వాడు బళ్ళో నీళ్ళు తాగడం మానేశాడు.

ఆయన చాలాసేపు ఆ బాటిల్ వంకే చూశాడు. తర్వాత నడక గురించి అడగలేదు. "క్లాస్ టీచరుతో ఎవరు మాట్లాడాలి సార్, నేనా, మీరా?" అన్నాడు.