కడుపులో బిడ్డ బీపీని ఎవరు చూసుకుంటారు?

(అమలాపురంలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ప్రతి నెలా 9వ తేదీన పీహెచ్‌సీలో గర్భిణులను పరీక్షించేటప్పుడు తల్లి బీపీ రాస్తారు, బిడ్డ గుండె వేగం రాస్తారు. బిడ్డ బీపీ మాత్రం రాయరు. కడుపులో ఉన్న పిల్ల చేతికి పట్టీ చుట్టలేం కదా! అయినా ఆ బీపీ ఉంది. అది తల్లి బీపీకి నకలు కాదు. నెలలు నిండిన గొర్రెపిల్లకు కడుపులో ఉండగానే కొలిస్తే సగటు రక్తపోటు 45 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తల్లి గొర్రెకు ఉండేదాంట్లో అది సుమారు సగం.

గొర్రె మాట ఎందుకంటే, ఈ విషయంలో మనకు తెలిసింది చాలావరకు గొర్రెల నుంచే తెలిసింది. చూడి గొర్రెకు ఆపరేషన్ చేసి, పిల్ల రక్తనాళంలో సన్నటి గొట్టం అమర్చి, మళ్లీ గర్భసంచిని కుట్టేస్తారు. ఆ తర్వాత రోజుల తరబడి పిల్ల బీపీ, గుండె వేగం నమోదు చేయొచ్చు.

బిడ్డ తన బీపీని తనే చూసుకుంటుంది. ఈ ఒక్క సంగతి మీ మనసులో నాటాలనే వచ్చాను. అందుకు నరాలతో పాటు దానికి తోడుండేవి పెప్టైడ్ హార్మోన్లు, అంటే అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన చిన్న గొలుసులు. వాసోప్రెసిన్‌లో 9 ఉంటాయి, ఏంజియోటెన్సిన్-2లో 8, గుండె గదుల నుంచి వచ్చే ఏఎన్‌పీలో 28. తల్లి ఒంట్లోని ఈ హార్మోన్లు మాయను దాటి బిడ్డకు చేరేది బహు తక్కువ. కావలసినవి బిడ్డే తయారు చేసుకోవాలి.

ఏఎన్‌పీ సంగతి త్వరగా చెప్పేస్తాను. రక్తం ఎక్కువై గుండె పై గదులు సాగితే ఇది విడుదలవుతుంది, నాళాలను వదులు చేసి బీపీని దించుతుంది. పుట్టకముందు గుండె కింది గదులు కూడా దీన్ని బాగానే తయారుచేస్తాయి.

వాసోప్రెసిన్ దగ్గర కాస్త ఆగాలి. బిడ్డకు ఆక్సిజన్ తగ్గిందనుకోండి. మెడలోని ధమనుల దగ్గరున్న కణాలు దాన్ని పసిగడతాయి. నరాల ద్వారా గుండె వేగం వెంటనే పడిపోతుంది. ఆ వెంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ మామూలుకంటే ఎన్నో రెట్లు రక్తంలోకి వస్తుంది. రెండో పంట దాళ్వాలో గోదావరి నీరు చాలనప్పుడు మన కాలువలకు వంతులవారీగా నీళ్లిస్తారు చూశారా, సరిగ్గా అదే పని ఇక్కడ జరుగుతుంది. చర్మానికి, కండరాలకు, పేగులకు వెళ్లే నాళాలు బిగుసుకుంటాయి. ఉన్న రక్తం మెదడుకు, గుండెకు, అడ్రినల్ గ్రంథులకు మళ్లుతుంది. బీపీ పెరుగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. ఆక్సిజన్ బాగానే ఉన్న గొర్రెపిల్లకు ఒక్క వాసోప్రెసిన్ ఎక్కించినా బీపీ పెరిగి గుండె నెమ్మదించింది.

అందుకే బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్‌లో నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాల్సిన శబ్దం 90కి పడి అక్కడే ఉండిపోతే, బిడ్డ ఇబ్బందిలో ఉందేమోనని మొదట అనుమానించాలి. తల్లిని ఎడమ పక్కకు తిప్పండి, 108కి ఫోన్ చేయండి. లంక గ్రామమైతే రేవు దాటడానికి పట్టే సమయం కూడా లెక్కలో పెట్టుకోండి.

ఈ హార్మోన్ బిడ్డదే అనడానికి నాకు ఎంతో నచ్చిన రుజువు బొడ్డుతాడులో ఉంది. అందులో బిడ్డ నుంచి మాయకు వెళ్లే ధమనులు రెండు, మాయ నుంచి బిడ్డకు వచ్చే సిర ఒకటి. ప్రసవమయ్యాక కొలిస్తే వాసోప్రెసిన్ సిరలో కన్నా ధమనుల్లో ఎక్కువ ఉంటుంది. అంటే అది తల్లి నుంచి రాలేదు, బిడ్డ నుంచి వెళ్తోంది. నొప్పులు పడి పుట్టిన పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. నొప్పులు రాకముందే సిజేరియన్ చేసిన పిల్లల్లో తక్కువ.

నొప్పుల మాట వచ్చింది కాబట్టి ఆక్సిటోసిన్ గురించీ చెప్పాలి. ఇదీ 9 అమైనో ఆమ్లాల పెప్టైడే. త్వరగా కాన్పు కావాలని ఇంటి దగ్గరే కండకు 'నొప్పుల ఇంజెక్షన్' వేయించుకునే వాళ్లున్నారు. గర్భసంచి ఆగకుండా బిగిస్తే మాయకు రక్తం అందదు, బిడ్డ గుండె వేగం పడిపోతుంది. సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె వింటూ ఇవ్వాల్సిన మందు అది. ఒకసారి కండకు వేశాక వెనక్కి తీయలేం. దయచేసి ఈ ఒక్క పని మీ ఊళ్లో జరగనివ్వకండి.

ఇక ఏంజియోటెన్సిన్. ఇది నాళాలను బిగించి బీపీ పెంచుతుంది. బిడ్డ కిడ్నీలు రక్తాన్ని వడకట్టాలంటే దీని అవసరం ఉంది. గర్భం సగం దాటాక ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే అని మీకు తెలుసు.

తల్లి ఒంట్లోని ఈ పెప్టైడ్ హార్మోన్లు మాయను దాటేది బహు తక్కువ గానీ తల్లి మింగే బిళ్లలు చాలావరకు దాటతాయి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చేది ఆ భరోసాతోనే. 1940లలో అమెరికాలో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మన భీమవరంలోనే. అదే దారిన బీపీ బిళ్లా వెళ్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్... ఇవన్నీ ఏంజియోటెన్సిన్‌ను అడ్డుకునేవే. తల్లికి మేలు చేసే ఆ పనే బిడ్డలో కిడ్నీలను ఆపేస్తుంది. మూత్రం తగ్గి ఉమ్మనీరు ఇంకిపోతుంది, ఊపిరితిత్తులు ఎదగవు, పుర్రె ఎముకలు సరిగా ఏర్పడవు. పుట్టాక బీపీ పడిపోయి ఎంతకీ ఎక్కదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1992లోనే 'ప్రిల్' మందుల మీద గట్టి హెచ్చరిక వేయించింది.

మన దగ్గర ముప్పై దాటాక గర్భం వచ్చేవాళ్లలో అప్పటికే బీపీ ఉన్నవాళ్లుంటారు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి నెలనెలా అదే బిళ్ల తెచ్చుకుంటుంటారు. "బీపీకి మందు వాడుతున్నావా?" అంటే "ఆ, వాడుతున్నానండీ" అంటారు. అక్కడితో ఆగొద్దు, స్ట్రిప్ తెమ్మనండి. వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. చివర 'సార్టాన్' గానీ 'ప్రిల్' గానీ ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మాన్పించకండి. బీపీ అదుపు తప్పితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటి వాటికి డాక్టరు మారుస్తారు. పిల్లలు కావాలనుకుంటున్న కొత్త కోడళ్లకైతే గర్భం రాకముందే చెప్పండి.

కాన్పయ్యాక మళ్లీ ఏ మందు వాడాలో కూడా డాక్టరే చెప్పాలి. ఎనలాప్రిల్ పాలలోకి చాలా తక్కువగా పోతుంది కాబట్టి పాలిచ్చే తల్లికి దాన్ని రాస్తుంటారు. అలా రాస్తే కంగారుపడి పాలు మాన్పించకండి.