పొలాల నడుమ పాత రేవు

శ్రోతలకు నమస్కారం. ఘంటసాల అనగానే మనకు పాట గుర్తొస్తుంది. అదే పేరున్న ఊరు ఒకప్పుడు రేవుపట్నం. విజయవాడ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి దారి పట్టాలి. బయల్దేరే ముందు ఊళ్లోని మ్యూజియం సెలవు రోజు కనుక్కోండి. కొన్ని మ్యూజియాలను శుక్రవారం, కొన్నిటిని సోమవారం మూసేస్తారు.

ఊళ్లోకి వెళ్తే చుట్టూ వరి చేలే, సముద్రం జాడే ఉండదు. వందల ఏళ్లుగా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుతో నేల ముందుకు పెరిగింది, రేవు తీరానికి దూరమై లోపలికి పడిపోయింది. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ దీన్నే కంటకొస్సుల అన్నాడు. నాగార్జునకొండలో బోధిసిరి అనే బౌద్ధ భక్తురాలు వేయించిన శాసనంలో కంటకసెల (ఘంటసాల పాత పేరు) మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, తూర్పు వాకిట రాతి మండపం కట్టించిన మాట ఉంది. ఘంటసాలలోని శాసనంలోనైతే శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. ఓడ నడిపేవాడు రాతికెక్కాడంటే ఊరి సంపద ఎటునుంచి వచ్చిందో వేరే చెప్పాలా!

మ్యూజియంలో శిల్పాలు సున్నపురాతివి, చెక్కడం లోతు తక్కువ. ఎదురుగా నిలబడితే బొమ్మ తేలదు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడే వైపుకి జరిగి, తల కాస్త వంచి చూడండి. ఫ్లాష్ కొడితే నీడ పోయి అంతా చదునైపోతుంది. రాయి మీద చెయ్యి వేయొద్దు; చేతి చెమట, జిడ్డు సున్నపురాయి పీల్చుకుంటుంది, ఆ మరక వదలదు.

రాతి అంచుల్లో బ్రాహ్మీ అనే పాత లిపి అక్షరాలు వెతకండి. ముందుగా ‘క’ పట్టుకోవడం తేలిక: కూడిక గుర్తే. 3వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల నాటికి దాని నిలువు కాడ కిందికి సాగి కొస వంపు తిరిగింది. పిల్లలకు ఆ ఒక్క అక్షరం నేర్పి తీసుకెళ్తే చాలు, మిగతావాటిని వాళ్లే అడుగుతారు.

ఏ మ్యూజియంలోనైనా శాతవాహనుల సీసపు నాణేలు కనిపిస్తే తప్పక ఆగండి. కొన్నిటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. నాణెం మీద తెల్లటి పొడి పేరుకుంటే దుమ్మనుకోకండి. చెక్క పెట్టెలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తుప్పుపట్టిపోతోందేమో. అక్కడి ఉద్యోగికి వెంటనే చెప్పండి. ఆలస్యమైతే ఓడ బొమ్మ చెరిగిపోతుంది.

తర్వాత స్తూపం దిబ్బ దగ్గరికి నడవండి. మధ్యలో నలుచదరపు ఇటుక దిమ్మ, దాని చుట్టూ గోడలు, నడుమ ఖాళీల్లో మట్టి కూరి కట్టారు. అంతా ఇటుకే పేర్చనక్కర్లేకుండా ఎత్తు నిలిపే ఉపాయమది. అంచులెక్కి ఫోటోలు దిగకండి. ఒక్క ఇటుక కదిలినా ఆ సందులోంచి వాన నీరు దిగి లోపలి మట్టిని కోసేస్తుంది.