పొగగొట్టం ఎందుకు లాగడం లేదు?

శ్రోతలందరికీ నమస్కారమండీ. మాది కోనసీమలో ఓ పల్లె. ఇంట్లో గ్యాసు ఉన్నా వేడినీళ్ళకీ, చేపల పులుసుకీ మా అమ్మ కట్టెల పొయ్యే వెలిగిస్తుంది, పెరట్లో కొబ్బరి మట్టలూ డొక్కలూ పడి ఉంటే సిలిండరెందుకురా అరగదీయడం అంటుంది. పొయ్యికి సిమెంటు గొట్టం ఉంది, పెంకులు దాటి పైకి పోతుంది, ఏళ్ళ తరబడి బాగానే లాగింది. అలాంటిది పోయిన వానాకాలం ఉన్నట్టుండి పొగంతా వంటింట్లోకే ఎదురు తన్నడం మొదలెట్టింది.

తాపీమేస్త్రీని పిలిస్తే, పొయ్యి పగలగొట్టి కొత్తది కట్టాలండీ అన్నాడు. ఆగవయ్యా అన్నాం.

అసలు గొట్టం పొగని ఎలా లాగుతుంది? వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, పోతూ పోతూ గదిలో గాలిని పొయ్యి నోట్లోకి లాక్కుంటుంది. అంతే, ఇందులో మోటారేం లేదు. గొట్టం చల్లబడినా, మసితో పూడుకుపోయినా ఆ లాగుడు పోతుంది.

మొదట కట్టెలు చూశాం. చూరు కింద పేర్చిన సరుగుడు కట్టెలు జల్లుకి తడిసి ఉన్నాయి. పొయ్యిలో పెడితే ఓ పక్క మండుతుంటే రెండో చివర బుసబుసమంటూ నురగ కక్కుతున్నాయి. అలా నురగ వచ్చిందంటే మంటలో వేడి ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతున్నట్టు, ఇక గొట్టం వేడెక్కేదెప్పుడు? పైగా ఆ చల్లటి పొగ గొట్టం లోపల తారులా అంటుకుంటుంది. గోనెసంచిలో ఇటుక చుట్టి, తాడు కట్టి పైనుంచి దించి లాగితే బకెట్టు నిండా మసి రాలింది. కట్టెలు అటక మీదికి ఎక్కించాం, పొయ్యిలో బూడిదా తోడేశాం. కొంత నయమే గానీ పొగ పూర్తిగా పోలేదు.

అప్పుడు అమ్మే కనిపెట్టింది. అగరొత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పెట్టింది. గొట్టం లాగుతుంటే ఆ పొగ లోపలికి వంగాలి కదా, నేరుగా ఆవిడ మొహం మీదికొచ్చింది. "ఒరే, ఆ ఫ్యానాపరా" అంది. ఆపాను. అగరొత్తి పొగ మెల్లగా తిరిగి పొయ్యిలోకి పోయింది!

విషయమేంటంటే, వంటింట్లో పొగ పోవాలనే మేం కొత్తగా ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. జల్లు కొడుతోందని కిటికీ మూసేశాం. ఫ్యాను గాలిని బయటికి తోసేస్తుంటే దాని బదులు గాలి ఎక్కణ్ణుంచి రావాలి? తెరిచి ఉన్నది గొట్టమొక్కటే, అందులోంచే దిగింది, పొగని వెంటబెట్టుకుని. మా డబ్బుతో మేమే తెచ్చుకున్న పొగ!

మీ గొట్టం కొస ఇంటి కొప్పు కంటే కిందే ఆగిపోతే మాత్రం పెంచండి. గొట్టానికి పది అడుగుల దూరం లోపు ఉన్న కప్పు కంటే దాని కొస కనీసం రెండడుగులు ఎత్తుండాలి, లేకపోతే కప్పుని కొట్టిన గాలి సుడి తిరిగి గొట్టంలోకి దిగుతుంది. ముసురు పట్టిన పొద్దున్న గొట్టం చల్లగా ఉంటే ముందు రెండు ఎండు కొబ్బరాకులు భగ్గున మండించి, తర్వాత కట్టెలు పెట్టండి. నిప్పులున్న గదిలో తలుపులు బిగించి మాత్రం పడుకోకండి, నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

మా ఫ్యాను ఇంకా గోడకే ఉంది. గ్యాసు మీద పోపు పెట్టేటప్పుడు వేస్తుంది అమ్మ, పొయ్యి వెలిగించే ముందు నా వైపు చూసి ఆపేస్తుంది.